ఇంట్లో చూసుకోవడానికి మనిషిని పెట్టుకునే ముందు

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకు వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను. నేను చాలాకాలం నర్సుగా చేశాను. ఇప్పుడు ఇళ్లలో పెద్దవాళ్లనీ మంచం పట్టినవాళ్లనీ చూసుకునే కేర్‌టేకర్లకు శిక్షణ ఇస్తున్నాను. అంచేత కుటుంబాలు చెప్పే మాటలూ, కేర్‌టేకర్లు చెప్పే మాటలూ రెండూ నా చెవిన పడుతుంటాయి. ఒక్కోసారి ఇద్దరూ ఒకే ఇంటి గురించి చెబుతున్నారంటే నమ్మబుద్ధి కాదు.

నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది "మేడమ్, మంచి మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి" అని మొదలుపెడతారు. ఏం పనికండీ అంటే "అమ్మను చూసుకోవడానికి" అంటారు. అమ్మకు తనంతట తాను ఏవేం చేసుకోవడం వచ్చు, ఎక్కడెక్కడ సాయం కావాలి అని అడిగితే మాత్రం అవతల కాసేపు మాట ఉండదు. ఇక్కడే పని చెడేది. మనకేం కావాలో మనకే తెలియకుండా మనిషిని వెతికితే, వచ్చినమ్మాయి ఎంత మంచిదైనా నెల తిరక్కుండా గొడవ వస్తుంది, అప్పుడు "ఈ రోజుల్లో నమ్మకస్తులు దొరకట్లేదండీ" అంటాం.

కాబట్టి ముందు కాగితం తీసుకోండి. 1963లో సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు, ఆయన బృందం కలిసి మనిషి రోజువారీ పనులు ఎంతవరకు తానే చేసుకోగలడో చూసే ఒక కొలమానం ప్రచురించారు, ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడుతున్నారు. అందులో ఉన్నవి ఆరే పనులు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్లిరావడం, మంచం నుంచి కుర్చీకి కుర్చీ నుంచి మంచానికి మారడం, మలమూత్రాల మీద అదుపు, కంచంలోంచి తీసుకుని తినడం. ఒక్కోదాని పక్కన మీవాళ్లు తామే చేసుకుంటారా, పక్కన మనిషి నిలబడితే చాలా, లేక మొత్తం ఇంకొకరు చేయాలా అని రాయండి. తర్వాత 1969లో లాటన్, బ్రాడీ అనే ఇద్దరు ఇంకో జాబితా ఇచ్చారు, అది ఇంటి వ్యవహారాలది, ఫోన్ మాట్లాడటం, షాపింగ్, వంట, ఇల్లు సర్దుకోవడం, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్కలు. మొదటి జాబితాలో మూడు నాలుగింటికి సాయం కావాలంటే మీకు కావాల్సింది ఒంటి పని, అంటే స్నానం, టాయిలెట్ లాంటివి చేయించడం తెలిసిన కేర్‌టేకర్. ఇబ్బంది అంతా రెండో జాబితాలోనే ఉంటే రోజుకు కొన్ని గంటలు వచ్చి వెళ్లే మనిషి సరిపోవచ్చు, దానికి ఇరవై నాలుగు గంటల మనిషిని పెట్టి ఇంట్లో అందరూ ఇరుకున పడక్కర్లేదు.

ఇక రాత్రి సంగతి. ఇది ఎవరూ చెప్పరు, నేనే అడగాలి. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? ఒకసారి లేచి బాత్రూమ్‌కు వెళ్లి మళ్లీ పడుకుంటే ఒక లెక్క. గంట గంటకీ పిలుస్తుంటే, పక్క మార్చాల్సి ఉంటే, మతిమరుపు జబ్బు వల్ల అర్ధరాత్రి తలుపు తీసుకుని బయటికి పోతుంటే అది మేలుకుని ఉండాల్సిన డ్యూటీ, దానికి వేరే మనిషి కావాలి. పగలంతా చేసి రాత్రంతా మేలుకున్న మనిషి రెండో వారానికి కునుకు తీస్తూ వాకర్ పట్టుకుంటుంది, పడేది మీ అమ్మగారు. ఇరవై నాలుగు గంటలకు ఒక్కరే అని ఎవరైనా ఒప్పుకుంటున్నారంటే వాళ్లకు గతిలేక ఒప్పుకుంటున్నారు, అంతే.

ఇంకో మాట, ఇది కొందరికి నచ్చదు. మనిషిని ఎంచుకోవాల్సింది ఎవరు? కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు హాల్లో కూర్చుని మాట్లాడేస్తారు, ఆ చేతుల్లో స్నానం చేయాల్సిన మనిషి లోపలి గదిలో ఉంటుంది. 1972లో అమెరికాలోని బర్కిలీలో ఎడ్ రాబర్ట్స్, ఆయన తోటి వికలాంగులు కలిసి, వికలాంగులు తమ ఇష్టప్రకారం బతకడానికి సాయపడే స్వతంత్ర జీవన కేంద్రం ఒకటి పెట్టారు. పోలియో వచ్చి మెడ కింద దాదాపు అంతా చచ్చుబడిన మనిషి ఆయన. వాళ్లు పట్టుబట్టింది దీని మీదే: సహాయకుడిని ఎంచుకునేది, పని చెప్పేది, వద్దనుకుంటే తీసేసేది సాయం పొందే మనిషే కావాలి అని. మీ నాన్నగారికి మాట సరిగా రాకపోయినా ఇంటర్వ్యూ ఆయన ముందే జరగనివ్వండి. స్నానం చేయించేది ఆడవాళ్లా మగవాళ్లా అన్నది ఆయన్నే అడగండి. వచ్చిన మనిషి మీతో మాట్లాడుతోందా, ఆయనతో కూడా మాట్లాడుతోందా గమనించండి. నా మటుకు నాకు అదే మొదటి పరీక్ష.

ఏజెన్సీ మంచిదా, నేరుగా పెట్టుకోవడం మంచిదా అని అడుగుతారు. ఏజెన్సీ అయితే ఒకరు రాకపోతే ఇంకొకరిని పంపాలి, మీరు కట్టే డబ్బు చాలామటుకు దానికే. అయితే వాళ్లను కొన్ని సూటిగా అడగాలి. ఈ మనిషికి జీతం ఎవరిస్తున్నారు, మేం కట్టేదాంట్లో ఆమెకు అందేదెంత, ఆమె వివరాలు మీరు స్వయంగా సరిచూశారా లేక ఆమె ఇచ్చిన జిరాక్స్ ఫైల్లో పెట్టుకున్నారా, శిక్షణ ఎవరిచ్చారు, రోజూ ఒకే మనిషి వస్తుందా, సెలవు పెడితే ఎన్ని గంటల్లో బదులు పంపుతారు, నచ్చకపోతే డిపాజిట్ ఎంత వెనక్కిస్తారు. నీళ్లు నమిలితే ఇంకో చోటికి వెళ్లండి. నేరుగా పెట్టుకుంటే ఖర్చు తగ్గవచ్చు, మనిషితో చనువూ త్వరగా కుదురుతుంది, కానీ అప్పుడు యజమాని మీరే. జీతం, సెలవు, పన్ను, ప్రమాదం జరిగితే బీమా, అన్నీ మీరుండే చోటి చట్టం ప్రకారం మీ నెత్తిన ఉంటాయి. ఈ సంగతి ముందే కనుక్కోకుండా, ఆ అమ్మాయి మెట్ల మీద జారి నడుం విరిగాక కనుక్కుంటారు చాలామంది.

పాత చోటు గురించి వాకబు చేయడం మానొద్దు. సర్టిఫికెట్ చూసి ఊరుకోకండి, ఫోన్ చేసి మాట్లాడండి. "బాగా చేసిందా" అంటే అందరూ బాగానే చేసిందంటారు. "మీకు మళ్లీ అవసరం పడితే ఈవిడనే పెట్టుకుంటారా" అనండి, జవాబు ఎంత త్వరగా వస్తుందో వినండి. ఎందుకు మానేసిందో ఇద్దరినీ విడివిడిగా అడగండి. గుర్తింపు కార్డు చూడండి, కాపీ తీసుకోండి, అసలు మాత్రం వెంటనే ఆమె చేతికిచ్చేయండి. కొందరు పారిపోకుండా అని బీరువాలో దాచుకుంటారు, అది తప్పు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివాళ్ల కోసం 189వ ఒప్పందం చేసింది, అన్ని దేశాలూ ఇంకా దానికి కట్టుబడలేదు గానీ చదవదగ్గ కాగితం. గుర్తింపు పత్రాలు పనివాళ్ల దగ్గరే ఉండాలి, వారానికి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలి, జీతం నెలకు ఒక్కసారైనా క్రమం తప్పకుండా అందాలి, ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లు సెలవు రోజున ఆ ఇంట్లోనే ఉండి తీరాలని పట్టుబట్టకూడదు అని ఉంటుంది అందులో. చివరిది ఎందుకు రాయాల్సి వచ్చిందో ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు ఇంటర్వ్యూ. ఎన్నేళ్ల అనుభవం అని అడిగి వదిలేయొద్దు, చేసి చూపించమనండి. "మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి ఎలా మారుస్తారో చూపించండి." పని తెలిసిన మనిషి ముందు చేతులు కడుక్కుంటుంది, వీల్‌చైర్‌ను మంచానికి దగ్గరగా పెట్టి బ్రేకులు వేస్తుంది, కాళ్లు పెట్టుకునే రేకులు పక్కకు తీస్తుంది, "ఇప్పుడు లేపుతున్నానండీ, మూడు అనగానే లేద్దాం" అని చెబుతుంది. తెలియని మనిషి చంకల కింద చేతులు పెట్టి ఒక్క గుంజు గుంజుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లను ఆ చచ్చుబడిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు దెబ్బతింటుంది, తర్వాత నెలల తరబడి నొప్పి. కేర్‌టేకర్ నడుమూ పోతుంది, ఈ పనిలో ఉన్నవాళ్లను ఎవరినైనా అడగండి నడుం నొప్పి లేనివాళ్లున్నారేమో. మనిషి బరువెక్కువుండి అసలు కాలు మోపలేకపోతే ఇద్దరైనా ఉండాలి, లేదా మనిషిని ఎత్తి మార్చే లిఫ్ట్ మిషన్ తెచ్చుకోవాలి, "గట్టి మనిషిని పంపండి" అంటే కుదరదు.

పడిపోతే ఏం చేస్తారు అని అడగండి. "వెంటనే లేపి మంచం మీద పడుకోబెడతాను" అంటే నేర్పాల్సింది ఉందని అర్థం. పడ్డవాళ్లను గబుక్కున లేపకూడదు, ఎక్కడ నొప్పి అని అడగాలి, తలకు తగిలిందా, కాలు వంకర తిరిగిందా చూడాలి, తుంటి దగ్గర నొప్పంటే కదపకుండా సాయానికి పిలవాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తలకు చిన్న దెబ్బ తగిలినా డాక్టరుకు చూపించాల్సిందే. తినిపించడం గురించి కూడా అడగండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు, ఒకటి మింగాకే ఇంకొకటి, తిన్నాక కనీసం అరగంట దాకా పడుకోబెట్టకూడదు. దగ్గు వస్తున్నా, గొంతులో నీళ్లున్నట్టు గరగరమని మాట వస్తున్నా ఆపేయాలి, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో. ఇవన్నీ ఆమెకు రాకపోయినా ఫరవాలేదు, నేర్పితే వస్తాయి. నాకు తెలియదండీ, చూపిస్తారా అన్న మనిషిని నేను అన్నీ వచ్చన్న మనిషికంటే ముందు పెట్టుకుంటాను.

కేర్‌టేకర్ వేరు, నర్సు వేరు అని ఇక్కడే చెప్పేస్తాను. మూత్రం సంచి ఖాళీ చేయడం, దాన్ని ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందుగా ఉంచడం కేర్‌టేకర్ చేస్తుంది. గొట్టం మార్చడం చేయదు. మీరు వారానికి సర్ది పెట్టిన మందుల డబ్బాలోంచి తీసి ఇస్తుంది, డోసు పెంచాలా తగ్గించాలా అన్నది ఆమె పని కాదు. ముక్కు గొట్టం వేయడం, లోతైన పుండుకు కట్టు కట్టడం, గొంతులో కఫం లాగడం లాంటివి శిక్షణ ఉన్న నర్సుకే. ఇన్సులిన్ ఇంజెక్షన్ కూడా నేర్పించి, చేయించి చూసి, మీరుండే చోట నియమాలు ఒప్పుకుంటేనే. డబ్బు ఆదా అవుతుందని కేర్‌టేకర్‌తో నర్సు పని చేయిస్తే ఏదైనా జరిగినప్పుడు బలయ్యేది ఆ అమ్మాయి.

పడక పుండ్ల గురించి మాత్రం కేర్‌టేకర్‌కు బాగా తెలిసి ఉండాలి. కదల్లేని మనిషికి మామూలుగా రెండు గంటలకోసారి పక్క మార్చమంటారు, ఎయిర్ బెడ్ ఉన్నా సరే, ఎంత తరచుగా అన్నది చర్మం చూసి నర్సు చెబుతుంది. తోకెముక, తుంటి, మడమలు, మోచేతులు రోజూ చూడాలి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడాలి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, వేడిగా, గట్టిగా, చుట్టుపక్కల కంటే వేరే రంగులో ఉందా చూడాలి. మర్దన చేస్తే పోతుందనుకుంటారు, ఆ చోట రుద్దకూడదు.

ఒప్పంద కాగితం. "కాగితాలెందుకండీ, మా ఇంటి మనిషిలా చూసుకుంటాం" అంటారు. ఈ మాటంటే కేర్‌టేకర్లకు భయమండీ, నిజంగా. ఇంటి మనిషి సెలవడగదు, జీతం ఆలస్యమైతే నోరెత్తదు, చుట్టాలొస్తే అంట్లు కూడా తోముతుంది. ఒక్క పేజీ చాలు, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో. పని గంటలు, మధ్యలో విశ్రాంతి, సెలవు రోజు, జీతం ఎంత ఏ తేదీన, అదనపు గంటలకు ఎంత, భోజనం పడక ఎక్కడ, ఎవరు మానాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి. పేషెంట్ బట్టలు ఉతుకుతుంది, ఇంటిల్లిపాదివీ ఉతకదు, ఇది తప్పకుండా రాయండి, ఎందుకంటే పనిలో పని అని మొదటి నెల గిన్నెలు, రెండో నెల పిల్లల్ని బడికి దించడం, ఆ సమయంలో పెద్దావిడ ఒక్కతే ఇంట్లో. మీకు అర్థమైంది కదా.

కెమెరా పెట్టాలనుకుంటే పెట్టుకోండి, కానీ చెప్పి పెట్టండి, స్నానం చేయించే చోట, బట్టలు మార్చే చోట, ఆమె పడుకునే చోట వద్దు. మీ అమ్మగారి మర్యాద కూడా ఆ కెమెరాలోనే ఉంది. నగలు, ఏటీఎం కార్డులు తాళం వేసుకోండి, చిల్లర ఖర్చుకు కొంత ఇచ్చి పుస్తకంలో రాయమనండి, బిల్లులు అందులో పెట్టమనండి. అనుమానంతో కాదు, రేపు ఏదైనా కనిపించకపోతే ఆ అమ్మాయి మీదికి పోకుండా. మతిమరుపు జబ్బున్నవాళ్లు వస్తువు ఎక్కడో పెట్టి మర్చిపోయి దొంగతనం అంటారు, అది జబ్బు లక్షణమే. పోలీసుల దాకా వెళ్లకముందు దిండు కింద, మడత బట్టల్లో, చెత్తబుట్టలో వెతకండి.

మొదటి వారం ఇంట్లో ఎవరైనా ఉండండి. మీ అమ్మగారికి ఏ పక్క పడుకుంటే హాయిగా ఉంటుంది, ఏ చెవి వినిపిస్తుంది, నీళ్లు ఎంత వేడి ఇష్టం, ఏమని పిలిస్తే పలుకుతారు, ఏ మాటకు కోపం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, వీటి కింద డాక్టరు, అంబులెన్సు, మీ నంబర్లు. ఒక డైరీ కూడా పెట్టండి, తిన్నది, తాగింది, మూత్రం, విరోచనం, మందులు, నిద్ర, చర్మం మీద ఏమైనా కనిపిస్తే అదీ. రోజూ చదవండి. మీరు చదవట్లేదని తెలిసిన రోజు నుంచి అన్నీ "బాగుంది" అనే ఉంటాయి.

చెప్పడం కష్టమైన విషయం ఒకటి. 60 ఏళ్లు దాటినవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకం హింస ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, అదీ ఆశ్రమాల్లో కాదు, ఇళ్లల్లో, సమాజంలో ఉన్నవాళ్ల లెక్క. కేర్‌టేకర్లే చేస్తారని కాదు, కుటుంబమూ చేస్తుంది. భుజాల దగ్గర వేళ్ల అచ్చులు, ఎవరో ఒక మనిషి గదిలోకి రాగానే పెద్దవాళ్ల మాట ఆగిపోవడం, బరువు తగ్గిపోవడం, కొత్తగా పొద్దస్తమానం మత్తుగా నిద్ర, ఇవి చూడండి. ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా అడగండి, చెప్పలేనివాళ్లయితే చెప్పని వేళలో ఇంటికి రండి. అవతలి వైపు కూడా చెబుతాను. కేర్‌టేకర్లను కొడతారు, రక్కుతారు, బూతులు తిడతారు, కొన్నిళ్లల్లో ఒంటి మీద చెయ్యి వేస్తారు, పేషెంటూ వేస్తాడు, ఇంట్లో ఇంకో మగాడూ వేస్తాడు. ఆ అమ్మాయి వచ్చి చెబితే "ముసలాయన కదా, సర్దుకో" అనకండి.

సరే, ప్రశ్నలు అడగండి. ఆ చివర నించున్నాయన.

"మేడమ్, మా నాన్నగారు ఎవరినీ ఒప్పుకోవట్లేదు. ఇద్దరిని పెట్టాం, ఇద్దర్నీ తిట్టి పంపేశారు."

ఏ పనితో మొదలుపెట్టారండీ? స్నానంతోనా? అదే మరి. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి మొదటిరోజే బట్టలు విప్పమంటే మీరైనా నేనైనా తిడతాం. రోజుకు గంట చాలు, వాకింగ్‌కు తోడు, పేపర్ చదివి వినిపించడం, ఆయన సామాన్లు సర్దడం, అలా మొదలుపెట్టండి. మీకోసం కాదు నాన్నా, నాకు ఆఫీసు పనితో కుదరట్లేదు, నాకు సాయంగా అని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు. ఇద్దరు మనుషుల్ని చూపించి ఆయన్నే ఎంచుకోమనండి. వాళ్లు అలవాటయ్యాక మోకాళ్ల దాకా కాళ్లు కడగడం, తర్వాత వీపు రుద్దడం. వారాలు పడుతుంది.

ఇటు, ఆ అమ్మాయి.

"మేడమ్, మంచి మనిషి దొరికింది, కానీ ఆవిడ ఒక్కరోజు రాకపోతే నాకు టెన్షన్. ఉద్యోగం మానేయాల్సి వస్తుందేమో అనిపిస్తుంది."

అంటే మీ ఇంట్లో మొత్తం భారం ఒక్క మనిషి మీదే ఉందన్నమాట. ఆవిడకు జ్వరం రాదా, వాళ్లింట్లో పెళ్లి ఉండదా? వారపు సెలవు రోజుకు ఇంకో మనిషిని ఇప్పుడే పెట్టండి, అదే మనిషి ప్రతివారం వస్తే మీ అమ్మగారికి అలవాటవుతుంది, మొదటావిడ రాని రోజు ఈవిడను పిలవొచ్చు. ఖర్చే, కాదనను. అన్నదమ్ములుంటే ఈ ఖర్చు వాళ్లకు పంచండి, దూరంగా ఉండి ఫోన్లో సలహాలిచ్చేవాళ్లు ముందుగా ఇవ్వాల్సింది ఇదే. ఆవిడ మానేస్తానంటే ఏంటని కూడా అడగబోతున్నారు కదూ? బతిమాలుకోవచ్చు గానీ జీతం ఆపి కట్టేయొద్దు. రావాల్సింది లెక్కకట్టి ఇచ్చేయండి, కొత్త మనిషి పక్కన రెండు మూడు రోజులు ఉండి పని చూపించడానికి డబ్బిచ్చి ఒప్పించండి, తాళాలు తీసుకోండి, మీ అమ్మగారికి ముందే చెప్పి వీడ్కోలు చెప్పుకోనివ్వండి.

హాలు వాళ్లు టైం అయిందంటున్నారు. లేపడం ఎలాగో చూపించమని ఇందాక నలుగురైదుగురు అడిగారు, నడుముకు కట్టే బెల్టు తెచ్చాను, ఉండదలచినవాళ్లు ముందుకు రండి. ఎవరైనా ఒకరు ఆ కుర్చీలో కూర్చోండి, ఒళ్లంతా వదిలేసి కూర్చోవాలి, సాయం చేయకూడదు.